కిష్టారెడ్డి పటేల్ హాస్టల్లో పడ్డ సంగతి

కొత్తగా లెక్చరర్లుగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలి మేడమ్ అని అడుగుతారు. పాఠం చెప్పడం రెండు మూడేళ్ళు చెబితే దానంతట అదే వస్తుంది. పాఠం అయ్యాక పిల్లలు ఎటు పోతారో, ఎందుకు అంత తొందరగా పోతారో, పోకుండా మిగిలిపోయేవాడు ఎవడో తెలుసుకోవడం ఈ ఉద్యోగంలో మిగతా సగం. ఆ సగం ఏ పుస్తకంలోనూ లేదు. నాకు దాన్ని నేర్పింది ఒక విద్యార్థి. అతను నాకంటే పాతికేళ్ళు పెద్ద.

నాది సంగారెడ్డి. మా నాన్న మిషన్ బడిలో పంతులు. అరవైల్లో నేను పట్నంలో ఎం.ఏ. చదివి వచ్చేసరికి పటాన్‌చెరు పక్కన బొంబాయి రోడ్డు మీద ఒక ప్రైవేటు కాలేజీ పెట్టారు. ఊళ్ళో ఆడపిల్లకు ఉద్యోగమా అని ఒకరిద్దరు అన్నారు గాని, మా నాన్న ఆదివారం ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞత చెప్పేసి, సోమవారం నన్ను బస్సెక్కించాడు. అర్థశాస్త్రం లెక్చరర్‌గా చేరాను.

బెల్లం గోదాము

కాలేజీ అంటే భవనం కాదు, ఒక బెల్లం గోదాము. కిష్టారెడ్డి పటేల్ అనే రైతుది. మధ్యలో తడికెలు కట్టి తరగతులుగా విడగొట్టారు. బెల్లం ఖాళీ చేశారు గాని బెల్లం గుణం పోలేదు. ఎండాకాలం నేల కరిగి చెప్పులు అంటుకునేవి. క్లాసంతా ఒక్కసారి లేస్తే చెప్పులు నేల నుంచి ఊడే చప్పుడు ఫట్‌మని వినిపించేది. చీమలు గోడ వెంబడి మాకంటే క్రమశిక్షణగా నడిచేవి. కెమిస్ట్రీ మాస్టారు ఆమ్లాలూ క్షారాలూ చెబుతూ మధ్యమధ్య కందిరీగల్ని తోలేవారు.

విద్యార్థులంతా రోజూ వచ్చిపోయేవాళ్ళే. ముత్తంగి, కొల్లూరు, బొల్లారం, ఇంకా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెల నుంచి వచ్చేవారు. కొందరు కొత్త ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసి, నూనె మరకల చొక్కాలతోనే వచ్చి వెనక బెంచీల్లో నిద్రపోయేవారు. వాళ్ళ కోసం గొంతు తగ్గించి పాఠం చెప్పడం అలవాటు చేసుకున్నాను. మధ్యాహ్నం మూడున్నరకు సంగారెడ్డి బస్సు. అది పోతే చీకటి పడేదాకా ఇంకోటి లేదు, అదీ షిఫ్టు దిగిన కార్మికులతో కిక్కిరిసి వచ్చేది. అందుకని మా కాలేజీకి గంట ఉన్నా దాన్ని కొట్టే అవసరం పడలేదు. బస్సు హారన్ కొడితే కాలేజీ అయిపోయినట్టే. వాక్యం మధ్యలో ఉన్నా సరే, ఫట్‌మని చప్పుడు, ఖాళీ బెంచీలు.

మా ప్రిన్సిపాల్ సాంబశివరావు గారికి ఇది గుండెకోత. ఆయన కోస్తా మనిషి. సముద్రపు గాలి తగిలే ఒక యూనివర్సిటీ హాస్టల్లో చదువుకున్నారు. అక్కడి సాయంత్రాలు తలుచుకుంటే ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి. "కాలేజీ అంటే పాఠాలు కాదమ్మా, సాయంత్రాలు," అనేవారు నాతో. మా కాలేజీ సాయంత్రాల్లో చీమలూ వాచ్‌మనూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

ఆయన చాలా ప్రయత్నించారు. గేటుకు తాళం వేయించారు, పిల్లలు గోడ దూకారు. గోడ ఎత్తు పెంచాలంటే పటేల్ ఒప్పుకోలేదు, తన బర్రెకు గాలి ఆడదన్నాడు. ఆఖరికి ప్రతి శుక్రవారం వక్తృత్వ పోటీ పెట్టారు. పల్లె మేలా, పట్నం మేలా అన్నది విషయం. ముత్తంగి యాదగిరి లేచి, "పల్లెల్ల ఒకరికొకరు ఆసరుంటరు, కాబట్టి అధ్యక్షా," అనేసరికి హారన్ మోగింది. మరుసటి శుక్రవారం "కాబట్టి అధ్యక్షా" దగ్గరే మొదలుపెట్టాడు. ఆ రోజు బస్సు ముందే వచ్చింది. ఆ ఏడాదంతా యాదగిరి కాబట్టి దగ్గరే ఉండిపోయాడు.

సాంబశివరావు గారు చెడ్డవారు కారు. నా సర్వీసులో అలాంటి అధికారులను ఇంకా ఇద్దరు ముగ్గురిని చూశాను. ఎదురుగా ఉన్న పిల్లల కంటే తమ చిన్నతనాన్ని ఎక్కువ ప్రేమించేవాళ్ళు. వాళ్ళతో వాదించి లాభం లేదు. వాళ్ళ చిన్నతనంలో మీరు లేరు గదా.

బయటివాళ్ళు కూర్చోరాదు

పటేల్ రోజూ కాలేజీకి వచ్చేవాడు. మొదట్లో గోడలు చూసుకోవడానికి. తర్వాత నీడ కోసం వెనక బెంచీలో కూర్చునేవాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పే ప్రతి మాటకూ తల ఊపేవాడు. నాకు బాగానే ఉండేది. మిగతావాళ్ళు ఊపేది నిద్రతోనే.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు చూసి, బయటివాళ్ళు క్లాసులో కూర్చోరాదని చెప్పారు. పటేల్ వెళ్ళిపోయి, మర్నాడు పొద్దున చిన్నప్పుడు సంగారెడ్డిలో ఉర్దూ మీడియంలో మెట్రిక్ పాసైన సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. పీయూసీలో చేరతానన్నాడు. నిబంధనల్లో వయసు గురించి ఏమైనా ఉందేమోనని ప్రిన్సిపాల్ గారు పొద్దంతా వెతికారు. లేదు. సాయంత్రానికి యాభై దాటిన కిష్టారెడ్డి పటేల్ మా విద్యార్థి అయ్యాడు.

హాజరు పిలిస్తే లేచి నిలబడి "హాజర్ హై" అనేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను నాకంటే ముందు తనే తిట్టేవాడు. క్లాసులో నన్ను మేడం అనేవాడు, గడప దాటగానే బిడ్డా అనేవాడు. పరీక్షల్లో మాత్రం ఆయన రాసింది చదివితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ధర ఎలా నిర్ణయమవుతుంది అన్న ప్రశ్నకు, పంట కొనే అడ్తి దుకాణపాయన ఎంతంటే అంత, మధ్యల మనం మాట్లాడొద్దు అని ఒక్క ముక్కలో రాశాడు.

ఎందుకు చేరాడో నాకు చాలా రోజులు తెలియలేదు. అడిగితే, "పొద్దు పోవాలె గద," అనేవాడు. ఆయన భూమి ఫ్యాక్టరీ కోసం పోయిందని, నష్టపరిహారం వచ్చాక ఎడ్లను కూడా అమ్మేశాడని మాత్రం విన్నాను.

ఆరు దాటితే ఆడవాళ్ళకు ప్రవేశం లేదు

మరుసటి ఏడాది యూనివర్సిటీ నుంచి కబురు వచ్చింది. కాలేజీకి గుర్తింపు కొనసాగాలంటే కమిటీ వచ్చి చూస్తుంది, విద్యార్థుల సంఘం ఉండాలి, ఆటస్థలం ఉండాలి, హాస్టల్ ఉండాలి. లేకపోతే గుర్తింపు పోతుంది. పోతే మా పిల్లలు చదువు కోసం పట్నం వెళ్ళాలి. మగపిల్లల్లో కొందరు వెళ్తారేమో గాని, నా క్లాసులో ఉన్న ఐదారుగురు ఆడపిల్లల్ని ఇళ్ళల్లో పంపరు. షిఫ్టులు చేసే కుర్రాళ్ళకు కుదరదు. నాకూ భయమేసింది.

ప్రిన్సిపాల్ గారు మాత్రం ఒక్కసారిగా వికసించారు. సంఘం ఎన్నికలు పెట్టారు. సాయంత్రం సమావేశాలకు ఉండగలిగినవాళ్ళే పోటీ చేయాలన్నారు. అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. పటేల్ పోటీ లేకుండా అధ్యక్షుడయ్యాడు. రోజూ సాయంత్రం గోదాములో ఒంటరిగా కూర్చుని సమావేశం జరిపేవాడు. తానే ప్రతిపాదించి, తానే బలపరిచి, ఎవరైనా కాదంటారేమోనని అటూ ఇటూ చూసి ఏకగ్రీవం అనేవాడు.

ఆటస్థలం కోసం గోదాము వెనక ఉన్న నల్లరేగడి నేలను చదును చేశారు. ఇక హాస్టల్. కాలేజీ ఆవరణలోనే నివాసం ఉన్న విద్యార్థి మా దగ్గర ఒక్కడే. ఆవరణ ఆయనదే కాబట్టి ఇల్లు కూడా ఆ ఆవరణలోనే ఉంది. ప్రిన్సిపాల్ గారు ఆ ఇంటికి బాలుర హాస్టల్ అని బోర్డు పెట్టించారు. నన్ను వార్డెన్ చేశారు. తమ పాత హాస్టల్ నియమాలు గుర్తు తెచ్చుకుని గోడకు అతికించారు. ఎనిమిదికల్లా లోపలుండాలి. పొగ తాగరాదు. పెంపుడు జంతువులు ఉండరాదు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. సాయంత్రం ఆరు దాటితే ఆడవాళ్ళకు ప్రవేశం లేదు.

బోర్డు వరకే గదా అని నేననుకున్నాను. పటేల్ మాత్రం నియమాలన్నీ చేతులు కట్టుకుని చదివాడు. ఆ సాయంత్రమే బర్రెను ఇంట్లో నుంచి విప్పి నా క్లాసు వెనక కట్టేశాడు. చుట్ట మానేశాడు. వారం తిరక్కుండా నా బల్ల ముందు వచ్చి నిలబడ్డాడు.

"మేడం, మా బామ్మర్ది ఇంట్ల పెండ్లున్నది. రెండు దినాలు సెలవియ్యాలె."

మీ ఇంటి నుంచి మీరు వెళ్ళడానికి నన్నెందుకు అడుగుతారని అన్నాను.

"గట్ల నడ్వది మేడం. నేను అడగాలె, మీరు ఇయ్యాలె. లేకుంటె నేను ఉన్నట్టెట్ల, పోయినట్టెట్ల?"

ఇచ్చాను. ఆయన ముఖంలో అంత సంతోషం అంతకు ముందు చూడలేదు.

కొన్నాళ్ళకు ఆయన భార్య బాలమ్మ నన్ను బస్సు దగ్గర పట్టుకుంది. గట్టి మనిషి. నెత్తిన గడ్డిమోపు దించకుండానే మాట్లాడింది.

"బిడ్డా, నా పెనిమిటి హాస్టల్ల పడ్డడు. ఆరు గొట్టంగనే నన్ను నా ఇంట్లకెల్లి బయటికి తోలుతున్నడు. కొట్టంల వండుకుంటున్న, కొట్టంల పంటున్న. గా రూల్ రాసినాయనకు పెండ్లయిందా, కాలేదా?"

అయిందన్నాను.

"ఆమెను ఒక్కసారి నాకు చూపెట్టు," అంది బాలమ్మ.

నేను ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి ఆ రూలు తీయిస్తానని చెప్పాను. అప్పుడు ఆమె మోపు దించి, గొంతు తగ్గించింది. భూమి ఉన్నప్పుడు పొద్దుందాక ఎవరో ఒకరు పటేలా పటేలా అంటూ వచ్చేవారట. నీళ్ళు ఎప్పుడు వదలాలి, నాగలి ఎక్కడ పెట్టాలి అని. భూమి పోయాక ఆయన ఇంట్లో ఉన్నాడా లేడా అని అడిగేవాళ్ళే లేకుండా పోయారు. వాకిట్లో కూర్చుని రోడ్డు మీద పోయే లారీలు చూసేవాడట. తిండి తినలేదు. రెండుసార్లు బావి దగ్గర కనిపిస్తే ఆమె చెయ్యి పట్టి ఇంటికి తీసుకొచ్చిందట.

"ఇప్పుడు నువ్వు అడుగుతున్నవు, యాడికి పోతున్నవు, ఎప్పుడొస్తవు అని. గందుకు మంచిగున్నడు. రూల్ తియ్యకు బిడ్డా. కొట్టంల నేను ఎట్లనో గడుపుత. కమిటోళ్ళు జల్దీ వచ్చిపోయేటట్టు చూడు."

నేను ఎం.ఏ.లో చదివిన నిరుద్యోగం అనే అధ్యాయంలో పటేల్ లాంటివాడు లేడు. ఆ మరుసటి రోజు నుంచి ఆయన ఎప్పుడు బయటికి వెళ్ళినా కాస్త కటువుగానే అడగడం మొదలుపెట్టాను.

కమిటీ

కమిటీ వానాకాలంలో వచ్చింది. పెద్ద ప్రొఫెసర్ ఒకరు, ఇద్దరు సభ్యులు, నల్లని కారులో. పొద్దున వస్తామని చెప్పి మధ్యాహ్నం మూడు దాటాక దిగారు. ప్రిన్సిపాల్ గారు పిల్లలందరికీ మిఠాయి ఆశ పెట్టి, ఆ రోజు బస్సు ఎక్కవద్దని బతిమాలి ఉంచారు. ఆయన ఇంగ్లీషులో స్వాగతం చదువుతూ, మా విద్యార్థులకు ఈ ప్రాంగణం రెండో ఇల్లు అన్నారు. హారన్ మోగింది. ఫట్‌మంది. పిల్లలు మిఠాయి తీసుకుని మరీ వెళ్ళారు.

పెద్ద ప్రొఫెసర్ గారు ఖాళీ బెంచీల వైపు చాలాసేపు చూశారు. మిగిలిన ఒక్క విద్యార్థి వెనక బెంచీలో తలపాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈయనెవరు అని అడిగితే, సంఘం అధ్యక్షుడు అని ప్రిన్సిపాల్ గారు నీళ్ళు నమిలారు. హాస్టల్లో ఉండేది ఎవరంటే, అదీ ఈయనే.

హాస్టల్ చూడాలన్నారు. అందరం వెళ్ళాం. ప్రొఫెసర్ గారు నులక మంచం మీద కూర్చుని పటేల్‌ని ఉర్దూలో పలకరించారు. పటేల్ చేతులు కట్టుకుని అన్నిటికీ నిజమే చెప్పాడు. వార్డెన్ కఠినంగా ఉంటుంది గాని మంచిది. నియమాలు బాగున్నాయి. భోజనం ఎలా ఉంటుంది అని అడిగితే మాత్రం ఆలోచించి తెలుగులోకి దిగాడు.

"పొద్దుగాల మంచిగుంటది సాబ్. రాత్రికి వండేటామె కోపం మీదుంటది. ఉప్పు జెర ఎక్కువ పడ్తది."

కొట్టంలో వింటున్న బాలమ్మ అప్పటిదాకా ఓపిక పట్టింది. ఇక పట్టలేకపోయింది. గరిటెతో సహా వచ్చి గడప అవతల నిలబడింది. ఇది హాస్టల్ కాదనీ, తన ఇల్లనీ, ఈ విద్యార్థికీ తనకూ పెళ్ళై ముప్పై ఏళ్ళు దాటిందనీ, ఆరు దాటాక తను లోపలికి రాకూడదనీ, కాబట్టి ఉప్పు సరిగా పడాలంటే రూలు మార్చమనీ ప్రొఫెసర్ గారికి చెప్పింది.

సాంబశివరావు గారు తను రాసిన నియమాల కాగితం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన మీద అంతకు ముందెప్పుడూ జాలి కలగలేదు నాకు. కాలేజీ పోయిందనే అనుకున్నాను.

ప్రొఫెసర్ గారు లేచి కారెక్కారు. వాన అందుకుంది. కారును ఆటస్థలం మీద నిలిపినందువల్ల చక్రాలు నల్లరేగడిలో దిగబడ్డాయి. డ్రైవరు తిప్పిన కొద్దీ ఇంకా దిగాయి. అప్పుడు రోడ్డు మీద, పోయిన బస్సు తిరిగి వచ్చి ఆగింది. ఎగువన ముందే పడ్డ వానకు ముత్తంగి ఇవతల వాగు రోడ్డెక్కిందట. మా పిల్లలంతా తడిసి ముద్దై దిగారు. బస్సులో పట్నం వెళ్ళిపోవచ్చునా అని కమిటీ సభ్యుడొకరు డ్రైవరును అడిగాడు. తన డ్యూటీ సంగారెడ్డికేననీ, వాగు తగ్గేదాకా ఇక్కడే ఉంటాననీ, వెనక్కి పోతే తనకు మెమో వస్తుందనీ డ్రైవరు చెప్పాడు.

పిల్లలు కారును తోశారు. అది బంపరు దాకా దిగింది. గోదాము కప్పు కారి బెల్లం నేల మళ్ళీ పాకమైంది. అందరూ నిలబడడానికి ఒక్కటే చోటు మిగిలింది. పటేల్ నా దగ్గరికి వచ్చి, గెస్టులను ఉంచుకోవచ్చునా అని అడిగాడు. వార్డెన్‌గా అనుమతి ఇచ్చాను. ఆడపిల్లలు గడప దగ్గర ఆగిపోయారు. అప్పటికి ఆరు కావస్తోంది. అందరూ ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ఆయన నోరు తెరిచేలోపే బాలమ్మ లోపలికి నడిచింది.

"ఇయ్యాల రూల్ నాది. కాళ్ళు కడుక్కోని రాండ్రి," అంది.

జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. ఆడపిల్లలు రొట్టెలు కొడుతుంటే మగపిల్లలు కట్టెలు మోశారు. కండక్టరు ఉల్లిగడ్డలు కోశాడు. ఒకే బస్సులో రెండేళ్ళుగా తిరిగిన పిల్లలు ఒకరి పేరొకరు అడగడం ఆ సాయంత్రమే చూశాను. రాత్రి షిఫ్టుకు వెళ్ళలేకపోయిన కుర్రాళ్ళు మొదటిసారి మెలకువగా కనిపించారు. వాళ్ళలో ఒకడు పాటలు పాడతాడని ఎవరికీ తెలియదు. ప్రిన్సిపాల్ గారు వాకిట్లో ఒక మూల కూర్చుని వింటున్నారు. చివరికి ఎవరో యాదగిరిని లేపి, నీ ఉపన్యాసం పూర్తి చేయమన్నారు. అతను లేచి, "కాబట్టి అధ్యక్షా," అన్నాడు. తర్వాత ఏముందో తను కూడా ఎప్పుడూ ఆలోచించలేదని చెప్పి కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది సాంబశివరావు గారే.

పొద్దున్నే వాగు తగ్గింది. పక్క ఊరి ఎడ్లను కట్టి కారు లాగారు. ప్రొఫెసర్ గారు బాలమ్మకు నమస్కారం పెట్టి, గుర్తింపు సంగతి ఎత్తకుండానే కారెక్కారు.

నెల తర్వాత వచ్చిన ఉత్తర్వు ప్రిన్సిపాల్ గారు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. గుర్తింపు కొనసాగిస్తున్నారు. ప్రాంగణ జీవితం సంతృప్తికరంగా ఉంది. అయితే హాస్టల్లో స్థలానికి మించి విద్యార్థులు నివసిస్తున్నట్లు కమిటీ స్వయంగా గమనించింది, వెంటనే సంఖ్య తగ్గించాలి. వంటకు నియమించిన మహిళ సమర్థురాలు, ఆమెకు లోపల వసతి కల్పించాలి.

ఆ ప్రొఫెసర్ గారిది వేళాకోళమో, దయో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత మూడేళ్ళు, రద్దీ తగ్గించాం, ప్రస్తుతం ఒక్కరే ఉన్నారు అని మేము యూనివర్సిటీకి జవాబు రాస్తూ వచ్చాం. ఎవరూ ప్రశ్నించలేదు. ప్రిన్సిపాల్ గారు వక్తృత్వ పోటీని మధ్యాహ్నం అన్నం వేళకు మార్చారు. పిల్లలు అన్నం డబ్బాలు తెరిచి వింటూ తినేవారు.

పరీక్ష

పటేల్ పీయూసీ గట్టెక్కాడు, బీఏలో చేరాడు. ఇంగ్లీషు రెండుసార్లు తప్పాడు. డెబ్బైలు వచ్చాయి, ఫ్యాక్టరీలు పెరిగాయి, బస్సులు పెరిగాయి. మూడో ప్రయత్నానికి క్లాసులో పిల్లలంతా ఆయన వెంట పడ్డారు. ఒకడు వ్యాకరణం చెప్పాడు, ఒకడు వ్యాసాలు బట్టీ పట్టించాడు. నేనూ ఆదివారాలు ప్రార్థన అయ్యాక వెళ్ళి కూర్చునేదాన్ని. థర్డ్ క్లాసులో పాసయ్యాడు. పిల్లలు ఆయన్ను భుజాల మీద ఎత్తుకుని రోడ్డు దాకా తిప్పారు. బాలమ్మ అందరికీ బూరెలు పెట్టింది. నా నౌకరీలో అంత గొప్ప ఫలితం ఇంకోటి లేదనుకున్నాను.

సెలవులు ముగిసి కాలేజీ తెరిచిన రోజు, మొదటి సంవత్సరం క్లాసులోకి వెళ్ళాను. అన్నీ కొత్త ముఖాలు. హాజరు పిలిచి తల ఎత్తితే గుమ్మంలో పటేల్ నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, చంకలో నోటుపుస్తకం. నేను బయటికి వెళ్ళి, చదువు అయిపోయింది గదా పటేలా, మీరిక డిగ్రీ ఉన్న మనిషి, రానక్కర్లేదు అని నెమ్మదిగా చెప్పాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నా ముఖం వైపు, లోపలి బెంచీల వైపు చూశాడు.

"పాసైతే ఎల్లగొడ్తరని ముందుగాల్నే చెప్తే, నేను గంత మంచిగ రాస్తుంటినా బిడ్డా?" అన్నాడు.

వెనక బెంచీలో కొల్లూరు నుంచి వచ్చిన కొత్త కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. కాస్త జరగమని అతనికి చెప్పి, నల్లబల్ల వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాను.